ఎవరూ పిలవని ఫంక్షన్

పదకొండు గంటల ఒక్క నిమిషానికి టైపిస్టు ఊపిరి ఆగిపోయింది.

మంచం పక్కన స్టాండుకు బిగించిన మందు పంపు మాత్రం పచ్చ లైటు వెలిగించుకుని నిక్షేపంగా పనిచేస్తూనే ఉంది. గంటకు రెండు మిల్లీలీటర్ల నొప్పి మందు ఎక్కిస్తున్నానని స్క్రీను చెబుతోంది. పంపు తనంతట తానే రాసుకునే లాగ్ కూడా అదే చెప్పింది. ఒంట్లో ఉండాల్సిన దానికి ముప్ఫై రెట్లు మందు ఉందని పోస్టుమార్టం చేసిన డాక్టరు చెప్పాడు. అలారం మోగలేదు. తలుపు దగ్గర గార్డు కదల్లేదు. లోపలికి ఈగ కూడా వెళ్ళలేదు. అంతకు ముందు మంగళవారం డ్రైవరు కూడా అచ్చం ఇలాగే పోయాడు.

మళ్ళీ మంగళవారం వచ్చింది.

"కూర్చో" అన్నాడు చీఫ్.

ఏజెంట్ ఏడున్నర కూర్చోలేదు. అతను డిపార్ట్‌మెంటులో చేరేనాటికి ఏడో నంబరూ ఎనిమిదో నంబరూ ఖాళీ లేవు. ఏ మహానుభావుడో మధ్యలో ఈ అంకె ఇరికించాడు. పన్నెండేళ్ళుగా కనబడ్డ ప్రతివాడూ ఒక శని జోకు వేస్తాడు, అది తనకే మొదటిసారి తట్టిందన్నట్టు నవ్వుతాడు. ఈ రెండు చావుల తర్వాత ఆ జోకులు వెయ్యడం కూడా మానేశారు. ఏడున్నరకు అది ఇంకా మంటగా ఉంది.

విషయం చిన్నదే. దిగుమతుల కంపెనీ ముసుగులో పనిచేసే ఒక విదేశీ ముఠా నుంచి ముగ్గురు ఫిరాయించారు. డ్రైవరు, టైపిస్టు, గుమాస్తా. పదహారు రోజుల కిందట వాళ్ళను సరిహద్దు దాటించింది ఏడున్నరే. దారిలో వ్యాను మీద కాల్పులు జరిగాయి, ముగ్గురికీ గాయాలయ్యాయి, అందుకే ఆసుపత్రి. వారానికొకరికి ఆపరేషన్ చేశారు, ఆపరేషన్ అయినవాళ్ళకే ఆ మందు పంపు పెట్టారు, గుమాస్తాకు నిన్ననే అయింది. మన డిపార్ట్‌మెంటు చుట్టూ తిరుగుతూ ఆ ముఠాకు అమ్ముడుపోయిన మనిషి ఒకరున్నారు. అదెవరో తెలిసినవాళ్ళు ఈ ముగ్గురే. ఇప్పుడు గుమాస్తా ఒక్కడే మిగిలాడు.

రక్తం కారుతున్న గుమాస్తా చెయ్యి పట్టుకుని ఆ రోజు వ్యానులో "మీకేం కాదు, నాదీ పూచీ" అన్నాడు ఏడున్నర. ఆ మాటే డ్రైవరుకూ చెప్పాడు. టైపిస్టుకూ చెప్పాడు. రెండుసార్లు మాట తప్పినవాడికి నిద్ర ఎలా పడుతుందో చీఫ్‌కేం తెలుసు!

"కమిటీ పదకొండున్నరకి కూర్చుంటుంది" అన్నాడు చీఫ్. "అమ్ముడుపోయింది ఎవరైనా కావచ్చు కాబట్టి, ఒంటరిగా ఎవరూ అతన్ని ప్రశ్నించకూడదు. రూలు. కమిటీ వచ్చేదాకా గుమాస్తా బతికుండాలి. అదీ నీ పని."

"ముందు ఆ పంపు తీయించండి సార్."

"ఆ వార్డుకి సెక్యూరిటీ క్లియరెన్స్ ఉన్నవి మూడే పంపులు. రెండు మీ పిన్ని ల్యాబులో ముక్కలై పడున్నాయి. మూడోదానికి నిన్ననే ఆడిట్ క్లియరెన్స్ వచ్చింది. బజారు పంపు తెచ్చి పెడితే అందులో ఏముందో ఎవడు చూశాడయ్యా?"

ఆడిట్ చేసినాయన అక్కడే ఉన్నాడు. దళసరి కళ్ళజోడు, చంకలో ఫైలు. "పంపు ప్రోగ్రామ్‌లో మోటారుని ఫుల్ స్పీడులో తిప్పే ఫంక్షన్, అంటే ఆదేశాల ముక్క, ఒకటుంది సార్. ఫ్యాక్టరీలో ట్యూబు కడగడానికట. దాన్ని ఎక్కణ్ణుంచి పిలుస్తున్నారా అని ప్రోగ్రామ్ మొత్తం గాలించాను. ఎవరూ పిలవడం లేదు. డెడ్ కోడ్, ఉన్నా లేనట్టే" అన్నాడు.

"సోర్స్ కోడ్ లైను కూడా తగ్గకుండా తెచ్చిచ్చాను కదా" అంది సోఫాలోంచి ముత్యాల మేడం. పంపుల కంపెనీలో ఆవిడది పెద్ద ఉద్యోగం. అక్కడి రహస్యాలు మనకు చేరవేసేది కూడా ఆవిడే. రెండు చెవులకూ రెండు ముత్యాలు, లేత బూడిద రంగు సూటు. ఆవిడ నవ్విందంటే గదిలో మగవాళ్ళందరూ కడుపులు లోపలికి పీల్చుకుంటారు. చీఫ్ ఆ క్షణంలో అదే పనిలో ఉన్నాడు.

"మంగళవారమే ఎందుకు చస్తున్నారు సార్? అదీ పదకొండింటికే?"

"మంగళవారం డ్యూటీ నర్సుని సస్పెండ్ చేశాం కదా!"

"ఆవిడ రెండోసారి సెలవులో ఉంది సార్!"

"అందుకే ఇంకా అరెస్ట్ చెయ్యలేదు" అన్నాడు చీఫ్. ఏడున్నర ఇంకేమీ అనకుండా బయటికొచ్చేశాడు. అంటే నోరు జారేలా ఉంది.

ల్యాబ్ నేలమాళిగలో ఉంది. అక్కడి హెడ్డు ఏడున్నరకు సొంత పిన్నే. ముప్ఫై ఏళ్ళుగా చిప్‌లతో కాపురం చేస్తున్న మనిషి. టేబుల్ మీద రెండు పంపులు పొట్ట విప్పుకుని పడి ఉన్నాయి.

"దొరికిందా పిన్నీ?"

"దొరికితే నీ మొహం చూస్తూ కూర్చుంటానా? నాలుగు వేల సార్లు నడిపాను. ఒక్క చుక్క ఎక్కువ వెయ్యలేదు."

"మొత్తం పంపు నడిపావా?"

"మొత్తం ఎక్కడిది నా బొంద! పవర్ బోర్డులు వేలిముద్రల సెక్షన్ వాళ్ళు పట్టుకుపోయారు. పదకొండు మెమోలు రాశాను. బోర్డు మీద చల్లిన పౌడరు ఇంకా ఆరలేదంటారు. నా సొంత బ్యాటరీలు తగిలించి నడుపుతున్నాను." ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఒకటే విడ్డూరం. రెండు పంపుల గడియారాలూ వెనకబడ్డాయి. ఒకటి ఇంత, ఒకటి అంత కాదు. రెండూ సరిగ్గా నలభై సెకన్లు."

ఏడున్నర టేబుల్ మీద ఒక్కటి చరిచాడు. స్క్రూలు ఎగిరి కింద పడ్డాయి. "గడియారం సంగతి నాకెందుకు పిన్నీ? మనుషులు పోయారు. ఉన్న ఒక్క దొంగ ఫంక్షన్ని పిలిచేవాడే లేడంటున్నారు. ఎవడో ఒకడు పిలవందే అది ఎలా…"

చేతి గడియారం బుయ్యిమంది. గాడ్జెట్ సెక్షన్ వాళ్ళు గొప్పగా తయారుచేసిన రిస్ట్ ఫోను. "రిపోర్టు ఏదయ్యా?" అని చీఫ్ గొంతు. "ఇంకా లేదు సార్." "పది దాటింది!" "చూశాను సార్." ఫోను ఆగిపోయింది.

"ఏమంటున్నాను నేను?"

"'ఎలా' దగ్గర ఆగావు" అంది పిన్ని.

"ఆఁ. ఎలా నడుస్తుంది?"

పిన్ని చేతిలో పని ఆపేసింది. అతని మణికట్టు వంకే చూస్తోంది. "ఇప్పుడు ఆయన్ని నువ్వు పిలిచావా?"

"నేనెందుకు పిలుస్తాను? ఆయనే ఊడిపడ్డాడు."

"మాట మధ్యలో ఆపావు. ఆయన గోల వినేశావు. ఆపినచోట మళ్ళీ మొదలెట్టావు. ఒరేయ్, ఎంత మొద్దుదాన్నిరా నేను! ఇంటరప్ట్!"

"తెలుగులో చెప్పు పిన్నీ, నీకు పుణ్యముంటుంది."

"స్క్రూడ్రైవర్ అందుకోమని నీకు చెప్పాననుకో, అది ఫంక్షన్ కాల్. పిలిచింది నేను. ఏం కావాలో చెప్పిందీ నేనే. నువ్విచ్చేదాకా చెయ్యి చాపుకుని ఉంటాను. కోడ్ చదివితే ఎవరు ఎవర్ని పిలిచారో కళ్ళకు కనబడుతుంది. ఆ కళ్ళజోడు వెతికింది అదే." ఆవిడ అప్పుడే పంపు చిప్‌కు తీగలు తగిలిస్తోంది. "ఇంటరప్ట్ రొటీన్ సంగతి వేరు. చూడ్డానికి ఫంక్షన్‌లాగే ఉంటుంది గాని, దాన్ని ప్రోగ్రామ్‌లో ఎవరూ పిలవరు. బయట ఏదో తీగ కదులుతుంది. అంతే, ప్రాసెసర్ చేతిలో పని ఉన్నపళంగా ఆపి, అప్పటి లెక్కలు పట్టుకున్న రిజిస్టర్లన్నీ భద్రంగా దాచి, అక్కడికి దూకుతుంది. అయ్యాక దాచినవన్నీ ఎక్కడివక్కడ పెట్టేసి వెనక్కొస్తుంది. ఎవరూ దానికి ఏదీ ఇచ్చి పంపరు, అది ఎవరికీ ఏదీ తెచ్చివ్వదు. మధ్యలో తను ఆగిపోయిందన్న సంగతే మెయిన్ ప్రోగ్రామ్‌కి తెలీదు."

"లాగ్ రాసేది ఆ మెయిన్ ప్రోగ్రామేనా?"

"అదే కదా చెబుతున్నది! దానికి తెలిస్తేగా రాయడానికి?"

"మరి గడియారం?"

"ఇంటరప్ట్ అనేది తుర్రున వెళ్ళి తుర్రున రావాలి. మైక్రోసెకన్ల పని. ఈ దొంగ సచ్చినోడు లోపలికెళ్ళి నలభై సెకన్లు తిష్ఠ వేశాడు. వాడక్కడున్నంతసేపూ మిగతా ఇంటరప్టులన్నీ గుమ్మం బయటే. గడియారం నడిచేది కూడా ఇంటరప్ట్ మీదే కదా, అది ఆగిపోయింది. అలారం కూడా ఆగిపోయింది. మోటారు మాత్రం ఫుల్ స్పీడు!"

ఎవరూ పిలవని ఫంక్షన్ అని ఫైల్లో రాసి, సంతకం పెట్టి, స్టాంపు గుద్ది, అదే కారణంగా ఆ పంపును గుమాస్తా పక్కన పెట్టారు. చంపడానికి కావలసిన సర్టిఫికెట్టు డిపార్ట్‌మెంటే ఇచ్చింది. ఏడవాలో నవ్వాలో అతనికి తెలియలేదు.

"ఏ తీగ కదిలితే ఎటు దూకాలో చిప్‌లో అడ్రసుల పట్టిక ఒకటి ఉంటుంది" అంది పిన్ని. "మీ ముత్యాలావిడ ఇచ్చిన కోడ్‌లో ఆ పేజీ మాత్రం లేదు. ఎవడూ అడగనూ లేదు. ఉండు… ఇదిగో. మెయిన్స్ ఫెయిల్."

"అంటే?"

"గోడ కరెంటు పోయి, పంపు బ్యాటరీ మీదికి మారే క్షణం. పవర్ బోర్డు నుంచొచ్చే తీగ. నా దగ్గర లేని బోర్డు! వాళ్ళ వేలిముద్రలు తగలెయ్యా!"

ఏడున్నర ఆసుపత్రి ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ కొట్టాడు. అవతల మనిషి తాపీగా చెప్పాడు. "మంగళవారమా? జనరేటర్ టెస్టండీ. పదకొండింటికి మెయిన్ ఆఫ్ చేసి చూస్తాం. ఐదేళ్ళ నుంచీ ఇదే పద్ధతి."

టైము పదీ ముప్ఫై ఆరు.

కారు దాకా పరుగెత్తుతూనే చీఫ్‌కు అంతా చెప్పాడు. చీఫ్ మొదటిసారి చురుగ్గా పనిచేశాడు. రెండు నిమిషాల్లో తిరిగి ఫోన్ చేసి, జనరేటర్ టెస్టు రద్దయిందన్నాడు. ఏడున్నర సీటుకు చేరగిలబడి ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాడు. సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడినా ఎవరినీ తిట్టలేదు.

పదీ నలభై ఎనిమిదికి మణికట్టు మళ్ళీ బుయ్యిమంది.

"ఇంకో మంచి పని చేశానయ్యా. కరెంటుతోనే ప్రమాదమన్నావు కదా? అసలు ప్లగ్గే పీకెయ్యమని వార్డు హాట్‌లైన్‌లో ఆర్డరిచ్చాను. పొద్దుటి డ్యూటీ వాళ్ళు దిగి కొత్త సిస్టర్ పదకొండింటికి ఎక్కుతుంది, ఎక్కగానే మొదటి పని అదే. ఐడియా ముత్యాల మేడందే అనుకో."

"సార్! వద్దు! ప్లగ్ పీకినా అదే తీగ…"

"థాంక్సులు తర్వాత చెబుదువుగాని" అని చీఫ్ పెట్టేశాడు.

తిరిగి చేస్తే ఎంగేజ్. మళ్ళీ చేస్తే మళ్ళీ ఎంగేజ్. పై ఆఫీసుకు ఫోన్ చేసి మెప్పు సంపాదించుకుంటున్నాడన్నమాట! వార్డులో సెల్ సిగ్నళ్ళు పనిచెయ్యవు, జామర్ పెట్టించింది డిపార్ట్‌మెంటే. హాట్‌లైన్ ఒక్క చీఫ్ టేబుల్ మీదే ఉంది, అదీ డిపార్ట్‌మెంటు తెలివే. ఆసుపత్రి రిసెప్షన్‌కు చేస్తే పాట వినిపించి, మీ కాల్ మాకు ముఖ్యమంది. ఏడున్నర స్టీరింగును తిట్టాడు, ముందున్న బస్సును తిట్టాడు, తనకు ఈ ఉద్యోగం ఇచ్చినవాణ్ణి పేరు పెట్టి తిట్టాడు.

రూలు ప్రకారం ఏజెంట్లు ఆ వార్డులోకి మారువేషంలోనే వెళ్ళాలి. ఆక్సిజన్ సిలిండర్లు మోసే మనిషి ఖాకీ చొక్కా, పెట్టుడు మీసం కారులోనే ఉన్నాయి. అవి తగిలించుకుని, సిలిండరు ట్రాలీ ఒకటి లాక్కుని నాలుగో అంతస్తు చేరేసరికి పదీ యాభై ఎనిమిది.

"లిఫ్టు పనిచేస్తోందా?" అన్నాడు గార్డు.

"మెట్లెక్కితేనే ఆరోగ్యం" అన్నాడు ఏడున్నర.

"అది నిన్నటి కోడ్ వర్డు."

"ఇవాళ్టిది నాకెవరూ చెప్పలేదు! ఇదిగో ఐడీ కార్డు." అని మీసం పీకేశాడు. సగం పెదవి దాంతోపాటే వచ్చినట్టయింది.

గార్డు కార్డును, మొహాన్ని మార్చి మార్చి చూశాడు. "ఫోటోలో మీసముంది."

"ఫోటో కూడా మారువేషంలోనే తీశార్రా నాయనా!"

"అయితే మీసం పెట్టుకో. పోల్చి చూస్తాను."

అద్దం తలుపులోంచి గది మొత్తం కనబడుతోంది. గుమాస్తా గడ్డం పెరిగిన మొహంతో నిద్రపోతున్నాడు. అప్పుడే డ్యూటీ ఎక్కిన సిస్టర్ చేతులు కడుక్కుని, గోడ గడియారం చూసి, ప్లగ్గు వైపు వంగుతోంది. "సిస్టర్! పీకొద్దు!" అని ఏడున్నర అరిచాడు. బుల్లెట్ ప్రూఫ్ అద్దం. ఆవిడకు వినబడలేదు.

ఏడున్నర ట్రాలీని గార్డు పొట్ట మీదికి తోశాడు. గార్డు సిలిండర్ని కౌగిలించుకుని గోడకు ఆనుకున్నాడు. తలుపు తెరుచుకునే సరికి ప్లగ్గు సిస్టర్ చేతిలోకి వచ్చేసింది.

మోటారు కీచుమంది.

ఏడున్నర గది అడ్డంగా దూకి, పంపుకూ గుమాస్తా చేతికీ మధ్యనున్న సన్నటి ట్యూబును మడిచి పిడికిట్లో బిగించాడు. "క్లాంప్! సిస్టర్, చేతి దగ్గర క్లాంప్ వెయ్యండి!"

సిస్టర్ ఎందుకని అడగలేదు. ఆ రోజు మొత్తమ్మీద ఎందుకని అడక్కుండా పని చేసిన మనిషి ఆవిడొక్కతే. ట్యూబును నొక్కి మూసే క్లాంప్ టక్కున పడింది. ట్యూబు పిడికిట్లో పాములా ఉబ్బుతోంది. పది సెకన్లు. ఇరవై. పంపు మొహం మీద పచ్చ లైటు చెక్కుచెదరలేదు, గంటకు రెండు మిల్లీలీటర్లే అంటోంది. ముప్ఫై దగ్గర పంపు అంచున ట్యూబు ఫట్‌మని ఊడి, మందంతా ఏడున్నర మొహం మీద చిమ్మింది. అయినా అతను పిడికిలి వదల్లేదు.

నలభై.

మోటారు చప్పుడు ఆగింది. స్క్రీను ఒకసారి రెప్ప వేసినట్టయి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ మొదలెట్టింది. తను నలభై సెకన్ల పాటు మనిషిని చంపబోయిందని దానికి నిజంగానే తెలియదు.

"బాగానే ఊపిరి తీస్తున్నారు" అంది సిస్టర్ గుమాస్తా నాడి పట్టుకుని. ఏడున్నర మంచం పట్టీ పట్టుకుని కిందే కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు మందు మంట వల్లనే అని సిస్టర్‌కు చెప్పాడు. ఆవిడ నమ్మలేదు.

గోలకు గుమాస్తా మేలుకున్నాడు. ఏడున్నర అతని చెవి దగ్గరికి వంగాడు. కమిటీ లేదు, కాయితం లేదు, రూలు గాలికి పోనీ అనుకున్నాడు.

"మా దగ్గర అమ్ముడుపోయిందెవరండీ?"

"పేరు తెలీదు బాబూ. చెవులకి ముత్యాలుంటాయి. శుక్రవారం శుక్రవారం మా ఆఫీసుకొచ్చి కవరు ఇచ్చి వెళ్ళేది."

హాట్‌లైన్‌లో చీఫ్ దొరికాడు. "ఆవిడా? ఎదురుగానే కూర్చుని కాఫీ తాగుతోంది. ఇవ్వనా?"

"ఇవ్వకండి. తలుపు వేయించండి!"

ఆవిడ కాఫీ సగంలో వదిలి లిఫ్టు దాకా వెళ్ళగలిగింది. అక్కడ బేడీలు వేస్తుంటే కళ్ళజోడు వైపు తిరిగి, "కోడ్ అంతా మీ చేతికే ఇచ్చాను కదండీ" అందట. పాపం ఆయన మూడు రోజులు అన్నం తినలేదు.

గుమాస్తాకు సిస్టర్ చేత్తోనే మందు ఇచ్చింది. అతను కాస్త తేరుకున్నాక, ఏడున్నర స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పదహారు రోజుల కోపం అప్పుడు బయటికొచ్చింది.

"రూలు మాది, ఒప్పుకుంటాను. మీరైనా నోరు విప్పకూడదా? డ్రైవరు పోయాడు, టైపిస్టు పోయింది, ఇంకో అర సెకనైతే మీరూ పోయేవారు. ఎవరో ఒకర్ని పిలిచి చెవిలో ఆ ఒక్క మాట వెయ్యడానికి ఏమైందండీ?"

గుమాస్తా నొచ్చుకున్నాడు.

"ఎలా చెప్పను బాబూ? ఆవిడ మీ పెద్దాఫీసరు గారి పక్కనే నవ్వుకుంటూ రెండుసార్లు చూడ్డానికొచ్చింది. ఆవిడ సంగతి మీకు తెలిసే తిప్పుకుంటున్నారనుకున్నాను."